లోపలి అంచు చూశారా?

స్పోర్ట్స్ కారు టైర్లు లక్షలు పలుకుతాయి. వాటిని తినేసేవి మాత్రం యజమాని కంట పడని చోట కూర్చుంటాయి.

కారు లిఫ్టు మీద నెమ్మదిగా పైకి లేచింది. ఎర్ర రంగు పోర్షా 911 కరేరా ఎస్, 2018 మోడల్. మా మిత్రుడు దాన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొని రెండేళ్లవుతోంది. ఆదివారం తెల్లారకముందే హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డెక్కడం, శంషాబాద్ దాటాక ఎక్కడో టీ తాగడం, ఎండ ముదరకముందే ఇల్లు చేరడం... ఆ కారుకున్న ఉద్యోగం అంతే. వెనక టైర్లు కొత్తవి వేయించాక 11 వేల కిలోమీటర్లు తిరిగింది. వారం రోజులుగా వెనక నుంచి విమానం దిగుతున్నట్టు ఒకటే హోరు. అదేంటో చూపిద్దామని మాదాపూర్‌లో ఓ టైర్ల షాపుకు బయల్దేరాడు. టీ ఇప్పిస్తానంటే నేనూ ఎక్కాను.

"టైర్లు కొత్తవేరా. ఇదిగో, గాడి ఎంత లోతుందో చూడు" అంటూ బయటివైపు గాడిలో గోరు దూర్చి చూపించాడు. లోతున్న మాట నిజమే. షాపు మేస్త్రీ ఏమీ అనలేదు. ఫోన్ లైటు వేసుకుని కారు కిందికి దూరాడు. "ఇటు రాండ్రి సార్. లోపలిదిక్కు చూడుండ్రి" అన్నాడు.

లోపలి అంచున రెండు వేళ్ల వెడల్పున రబ్బరు లేదు. నున్నటి గుండు. ఆ గుండు మధ్య, చివికిన చొక్కా కాలరులోంచి దారాలు లేచినట్టు, ఉక్కు తీగలు మెరుస్తున్నాయి. ముట్టుకోబోతే మేస్త్రీ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "గుచ్చుకుంటయ్."

ముందటి ఆదివారం ఇదే టైరు మీద ఈ కారు ఔటర్ మీద గంటకు 120 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తింది. (ఆ రోడ్డు మీద చట్టం ఒప్పుకునే గరిష్ఠ వేగం 120. మావాడు అంతే వెళ్లానంటాడు. నేనూ అంతే రాస్తున్నాను.)

ఆ రోజు నుంచి నాకో పిచ్చి పట్టుకుంది. ఎక్కడ స్పోర్ట్స్ కారు ఆగి ఉన్నా వంగి టైరు లోపలివైపు చూస్తున్నాను. హోటళ్ల ముందు సెక్యూరిటీ వాళ్లు రెండుసార్లు అదిలించారు కూడా. చూసినకొద్దీ, టైర్ల పని తెలిసినవాళ్లను అడిగినకొద్దీ ఒకటి అర్థమైంది. ఈ టైర్లు వేగానికి అరిగిపోతాయని యజమానులు అనుకుంటారు. మన దగ్గర వాటిని పాడుచేసేవి ఎక్కువగా వంకర చక్రం, తగ్గిన గాలి, గడిచిపోయిన తేదీ.

ఆరు మిల్లీమీటర్ల ఆస్తి

కొత్త పెర్ఫార్మెన్స్ టైరు మీద గాడి లోతు సాధారణంగా 7 నుంచి 8 మిల్లీమీటర్లు. మన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కారు టైరు గాడి 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. అంటే లక్షలు పోసి కొన్న టైరులో మనం వాడుకోగలిగింది ఆరు మిల్లీమీటర్ల మందం రబ్బరే. వానాకాలంలో అదైనా పూర్తిగా మనది కాదు. గాడి లోతు తగ్గిన వెడల్పాటి టైరు నీళ్లను పక్కకు తొయ్యలేక వాటి మీద తేలుతుంది. తొలకరి వేళకు 3 మిల్లీమీటర్ల దగ్గర ఉన్న టైరును నేనైతే నమ్మను.

ఆ కాస్త రబ్బరు మీదే మొత్తం బండి నిలబడుతుంది. 911 బరువు మనిషితో కలిపి టన్నున్నర దాటుతుంది. ఇంజన్ వెనక ఉంటుంది కాబట్టి అందులో సుమారు 60 శాతం వెనక చక్రాల మీదే. ఒక్కో వెనక టైరు నేలను తాకే జాగా, లెక్కవేస్తే, వేళ్లు చాచిన అరచేయంత. టైరు వెడల్పు పెరిగితే ఆ జాగా పెద్దగా పెరగదు, ఆకారం మారుతుంది. లోపలి గాలి ఒత్తిడి, మీది బరువు కలిసి ఆ జాగా ఎంతో తేలుస్తాయి. గాలి సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ అక్కడికే వస్తాం.

తారురోడ్డు కంటికి చదునుగా కనిపించినా దగ్గరికెళ్లి చూస్తే అంతా కంకర మొనలే. మెత్తటి రబ్బరు ఆ మొనల మధ్యకు దిగి, చుట్టూ ఒదిగి, అంటుకుని, మళ్లీ విడిపడుతుంది. ఎంత మెత్తగా ఉంటే అంత పట్టు. విడిపడిన ప్రతిసారీ పిసరంత రోడ్డుపాలు. స్పోర్ట్స్ టైరు అరగకూడదంటే, నురగ బాగా రావాలిగానీ సబ్బు కరగకూడదన్నట్టే. 1992లో మిషెలిన్ సిలికా కలిపిన రబ్బరుతో టైరు తెచ్చాక ఇంధనం ఆదా, తడిరోడ్డు మీద పట్టు కొంతవరకు కలిసొచ్చాయి. మెత్తదనానికీ మన్నికకూ ఉన్న పేచీ మాత్రం అలాగే ఉంది.

ఆ పేచీ ఎటు తీర్చారో టైరు పక్కగోడ మీద అంకెలో ఉంటుంది. 'ట్రెడ్‌వేర్' అనే మాట పక్కన చూడండి. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్‌కు 300. రేస్ ట్రాక్ కోసం చేసిన పైలట్ స్పోర్ట్ కప్ 2కు 180. మామూలు ఫ్యామిలీ కారు టైర్లలో 500 దాటినవి కూడా దొరుకుతాయి. ఇది అమెరికా ప్రభుత్వం పెట్టిన పద్ధతి. డాలస్‌లోని మనవాళ్లకు పరీక్ష స్థలం మరీ దూరం కాదు, అదే టెక్సస్‌లోని శాన్ ఏంజెలో. ఆ ఊరి పరిసరాల్లో 400 మైళ్ల దారిలో టైర్లను 7,200 మైళ్లు తిప్పి, 100 అంకె ఇచ్చిన ప్రామాణిక టైరుతో పోల్చి చూస్తారు. కాకపోతే చివరికి అంకె వేసుకునేది తయారీదారే. అందుకని ఒకే కంపెనీ టైర్ల మధ్య పోలికకు అది పనికొస్తుంది, రెండు కంపెనీల మధ్య అంతగా పనికిరాదు. ఆదివారం టీకి వెళ్లొచ్చే కారుకు 180 అంకె టైరు వేయించడం, పెళ్లి పట్టుచీర కట్టుకుని కూరగాయల మార్కెట్టుకు వెళ్లడమే. మన్నిక గురించి మొదటి నిర్ణయం కొనేటప్పుడే జరిగిపోతుంది.

పక్కకు ఈడ్చుకుపోతే

ఇప్పుడు ఆ గుండు సంగతి. చక్రం తిన్నగా ముందుకు చూడాలి. దాని ముందు అంచు కాస్త లోపలికో బయటికో తిరిగి ఉంటే ఆ కోణాన్ని టో అంటారు. నిట్టనిలువుగా ఉండాల్సిన చక్రం పైభాగం లోపలికి వాలి ఉంటే అది నెగెటివ్ క్యాంబర్. స్పోర్ట్స్ కార్లకు నెగెటివ్ క్యాంబర్ కావాలనే పెడతారు. మలుపులో కారు ఒరిగినప్పుడు బయటి చక్రం నేలకు చదునుగా ఆనాలని.

మరి మన కారు తిరిగేది ఎక్కడ? ఔటర్ రింగ్ పేరుకే చుట్టు. 158 కిలోమీటర్ల ఆ వలయంలో మలుపులు ఎంత విశాలమంటే, కారుకు అది దాదాపు తిన్నటి రోడ్డే. మలుపుల కోసం వంచిన చక్రం తిన్నటి దారిలో తన లోపలి అంచు మీదే ఎక్కువ భారం మోస్తూ పరుగెడుతుంది. అదొక్కటే అయితే టైరు మెల్లగా, ఓర్పుగా అరుగుతుంది. దానికి టో తోడైతేనే కొంప మునిగేది.

చిన్న లెక్క చూద్దాం. చక్రం ఒక డిగ్రీలో పదోవంతు పక్కకు తిరిగి ఉందనుకుందాం. కంటికి ఆనదు, స్టీరింగ్‌లోనూ తెలియదు. ఆ వంకరతో కారు కిలోమీటరు ముందుకెళ్తే టైరు 1.75 మీటర్లు పక్కకు వెళ్లాలని చూస్తుంది, రోడ్డు వెళ్లనివ్వదు. 11 వేల కిలోమీటర్లకు ఆ పెనుగులాట 19 కిలోమీటర్లు. రబ్బరు సాగి సర్దుకుంటుంది కాబట్టి అదంతా ఒరిపిడే అనలేం. అయినా భారమంతా లోపలి అంచు మీద ఉన్నప్పుడు ఆ ఒరిపిడి ఎక్కడ పడుతుందో చెప్పక్కర్లేదు. మావాడి కారులో వెనక ఎడమ చక్రానికి తేడా పదోవంతు కంటే ఎక్కువే వచ్చింది. ఎప్పుడో గుంతలో పడ్డ దెబ్బ అయి ఉంటుందని మేస్త్రీ అన్నాడు.

మరి కొత్త టైర్లు వేసినప్పుడు అలైన్‌మెంట్ చేయించలేదా అంటే, చేయించాడు. వేరే షాపులో. అక్కడ ముందు చక్రాలు సరిచేసి, వెనకవాటికి "గ్రీన్‌లోనే ఉంది సార్" అని పంపించేశారు. ఈ 'గ్రీన్' దగ్గరే చాలామంది మోసపోతారు. అలైన్‌మెంట్ మిషన్ తెర మీద పచ్చరంగు అంటే కంపెనీ చెప్పిన హద్దుల్లో ఉందని మాత్రమే. హద్దుకు ఈ కొసన ఒక చక్రం, ఆ కొసన ఇంకో చక్రం ఉన్నా రెండూ పచ్చగానే కనిపిస్తాయి. కాబట్టి రంగు చూడకండి, అంకెలు అడగండి. చేయకముందు ఎంత, చేశాక ఎంత అన్న కాగితం ప్రింటు తీయించుకోండి. నాలుగు చక్రాలకూ చేయించండి. కుడి ఎడమలు ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. కారును రోడ్డు మీదే తిప్పుతారనుకుంటే, కంపెనీ ఇచ్చిన హద్దుల్లోనే క్యాంబర్‌ను తక్కువ కొస వైపు పెట్టమనండి. మలుపులో కాస్త చురుకు తగ్గుతుంది. నిజం చెప్పాలంటే మనలో ఎక్కువమందికి ఆ తేడా తెలియదు.

దీన్ని ముందే పట్టుకునే ఉపాయం ఒకటి ఆ మేస్త్రీయే చూపించాడు, బాగున్న ముందు టైరు మీద. కారు ఆపి, టైరు చల్లారాక, అరచేతిని గాడులకు అడ్డంగా బయటి నుంచి లోపలికి ఒకసారి, లోపలి నుంచి బయటికి ఒకసారి తేలిగ్గా పోనివ్వాలి. రెండువైపులా ఒకేలా ఉంటే మంచిదే. ఒకవైపు నున్నగా జారి, రెండోవైపు చేపను తోక నుంచి తలకు నిమిరినట్టు గరగరలాడితే టో తప్పినట్టే. తీగలు తేలేదాకా ఆగకుండా అలైన్‌మెంట్‌కు పరుగెత్తాల్సిన వేళ అది. మావాడి చెవిన పడిన హోరు కూడా ఆ గరుకు రబ్బరు చేసిన చప్పుడే.

బంకులో గాలి, పొద్దుటి గాలి

టైరులో గాలి ఒత్తిడి వాతావరణంతో మారుతుంది. సుమారు 5.5 డిగ్రీల సెల్సియస్ తేడాకు 1 పీఎస్‌ఐ. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో కొలిచి సరిపెట్టిన టైరును డిసెంబర్‌లో 14 డిగ్రీల తెల్లవారుజామున చూస్తే, ఎక్కడా లీకు లేకపోయినా 4, 5 పీఎస్‌ఐ తక్కువ ఉంటుంది. మెల్లగా సహజంగా తగ్గే గాలి దీనికి అదనం. సరిగ్గా ఆ చలి పొద్దుల్లోనే మన ఆదివారపు వీరులు రోడ్డెక్కుతారు. గాలి తగ్గిన టైరు రెండు భుజాల మీద అరుగుతుంది, లోపల్లోపల వేడెక్కుతుంది. ఎక్కువైతే నడుమ అరుగుతుంది.

డ్రైవర్ తలుపు దగ్గర అంటించిన కాగితం మీద రాసిన అంకెలు చల్లటి టైరుకు వర్తిస్తాయి. చల్లటి టైరంటే కనీసం మూడు గంటలు నిలబడి ఉన్న కారు, లేదా రెండు కిలోమీటర్లు కూడా నడవని కారు. ఇంటి నుంచి పెట్రోలు బంకుకు పది కిలోమీటర్లు వెళ్లి అక్కడ చూపించే గాలి వేడి గాలి. అన్నిటికంటే చెడ్డ అలవాటు ఇంకోటుంది. ఔటర్ మీద ఓ చుట్టు కొట్టి వచ్చి, తెర మీద ఒత్తిడి పెరిగి కనిపిస్తే "ఎక్కువైంది" అని వదిలించేయడం. మర్నాటికి ఆ టైరు నీరసించి ఉంటుంది. కొన్ని వందల రూపాయలకు మంచి గేజ్ దొరుకుతుంది, చిన్న పంపు ఇంకొంచెం ఎక్కువ. రెండూ ఇంట్లో పెట్టుకుని, ఆదివారం బయల్దేరే ముందు సెల్లార్‌లోనే చూసుకుంటే సరి.

హెచ్చరిక లైటు ఉంది కదా అనకండి. అమెరికా నిబంధన ప్రకారం కూడా ఆ లైటు కాగితం మీది అంకె కంటే 25 శాతం తగ్గాక వెలిగితే చాలు. 33 ఉండాల్సింది 25 దగ్గరకు పడిపోయేదాకా అది నోరు మెదపకపోవచ్చు. నైట్రోజన్ గురించి అడిగేవాళ్లకు ఒక్క మాట. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే. పెట్టించుకుంటే నష్టం లేదు. నైట్రోజనే కదా అని గాలి చూసుకోవడం మానేస్తేనే నష్టం.

మారుతీ 800 కంటే పల్చన

మావాడి కారు ముందు టైరు సైజు 245/35, 20 అంగుళాల డిస్కు మీద. 245లో 35 శాతం అంటే పక్కగోడ ఎత్తు 86 మిల్లీమీటర్ల లోపే. పాత మారుతీ 800 టైరు 145/70, దాని పక్కగోడ 101 మిల్లీమీటర్లు దాటుతుంది. కోటి దాటిన కారుకు గుంతకూ డిస్కుకూ మధ్య ఉన్న మెత్త, మన నాన్నల కాలపు మారుతీకి ఉన్నంత కూడా లేదన్నమాట. వాన నీళ్లు నిండిన గుంతలో వేగంగా పడితే పక్కగోడ డిస్కు అంచుకూ గుంత అంచుకూ మధ్య నలిగి లోపలి దారాలు తెగుతాయి. కాసేపటికో మర్నాడో అక్కడ బుడిపె లేస్తుంది. దానికి ప్యాచ్ లేదు, మందు లేదు. ఆ టైరు మార్చాల్సిందే, ఎంత కొత్తదైనా. మేకు దిగిన పంక్చర్ వేరు. అది ట్రెడ్ నడిమి భాగంలో ఉంటే, టైరు విప్పి లోపలి నుంచి ప్యాచ్ వేయించుకోవచ్చు. అయితే అలా అతికిన టైరును మునుపటి వేగానికి నమ్మకూడదు. భుజం మీదో పక్కగోడలోనో మేకు దిగితే అతికించకూడదు.

స్పీడ్ బ్రేకర్ దగ్గర ఏటవాలుగా, తాబేలులా దాటే స్పోర్ట్స్ కారును చూసి వెనక హారన్ కొట్టేవాళ్లు కాస్త ఓపిక పట్టాలి.

ముందువి వెనక్కి మార్చి అరుగుదల సమం చేయడం మామూలు కార్లకు పాత చిట్కా. 911లో కుదరదు, వెనక టైరు 305 వెడల్పు, ముందుది 245. అలాంటి కార్లలో వెనకవి ముందే అయిపోతాయి, దాన్ని ఒప్పుకోవాల్సిందే. అమెరికాలో మన కుర్రాళ్లు ఇష్టపడే టయోటా జీఆర్86 లాంటి వాటికి నాలుగూ ఒకే సైజు. వాళ్లు మాత్రం ఈ చిట్కాను వదులుకోకూడదు. అదే అమెరికాలో న్యూజెర్సీ, షికాగో మనవాళ్లకు ఇంకో బెడద. స్పోర్ట్స్ కార్లకు వేసే ఈ సమ్మర్ టైర్లు ఉష్ణోగ్రత 7 డిగ్రీల కంటే కిందికి వెళ్తే బిగుసుకుని పట్టు వదిలేస్తాయి, గడ్డకట్టే చలిలో కారు కదిపితే రబ్బరు చిట్లవచ్చు. నవంబర్ రాగానే విప్పి, చలి తగలని చీకటి గదిలో పెట్టి, వింటర్ టైర్లు వేసుకుంటే రెండు జతలూ ఎక్కువ కాలం వస్తాయి.

ఇక ట్రాక్. శ్రీపెరుంబుదూరు దగ్గరున్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కు హైదరాబాద్ నుంచి కూడా వెళ్లేవాళ్లున్నారు. ఒక్కరోజులో అక్కడ టైరు మీద పడే దెబ్బ నెలల రోడ్డు ప్రయాణానికి సమానం. వీలైతే ట్రాక్‌కు వేరే డిస్కులూ టైర్లూ పెట్టుకోవడమే చివరికి చవక. లేదంటే మొదటి ల్యాప్ మెల్లగా వేడెక్కించడం, చివరి ల్యాప్ మెల్లగా చల్లార్చడం, ఆగిన వెంటనే హ్యాండ్‌బ్రేక్ వేయకపోవడం. విచిత్రమేమిటంటే, రోడ్డు మీద లోపలి అంచును తినే నెగెటివ్ క్యాంబర్ ట్రాక్ మీద బయటి భుజాన్ని కాపాడుతుంది. రెండు చోట్లా ఒకే సెట్టింగ్‌తో తిరిగేవాళ్లు ఎక్కడో ఒకచోట కప్పం కట్టాల్సిందే. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు పరుగెత్తినప్పుడు హాంకుక్ టైర్లు ఎండకూ వానకూ ఒకటే. ఆ రేసు నియమాలే అంత. దానికి పూర్తిగా ఆ కొసన బుగాటి వేరాన్. గంటకు 400 కిలోమీటర్లు దాటిన గరిష్ఠ వేగంతో వెళ్తే టైర్లు పావుగంటలో అయిపోతాయని, పెట్రోలు పన్నెండు నిమిషాల్లోనే అయిపోతుంది కాబట్టి భయం లేదని చెప్పుకునేవారు.

నిలబడి ముసలైనవి

హైదరాబాద్ స్పోర్ట్స్ కార్ల టైర్లకు నిజమైన శత్రువు బహుశా ఇదే. వాడకపోవడం. ఏడాదికి మూడు వేల కిలోమీటర్లు దాటని బండ్లు నాకు తెలిసినవే నాలుగున్నాయి. ఆ లెక్కన గాడులు అరగడానికి ఏళ్లు పడుతుంది. రబ్బరు అన్నేళ్లు ఆగదు.

గాలిలోని ఓజోన్ రబ్బరును కొరుకుతుంది. దాన్ని అడ్డుకోవడానికి తయారీలోనే కొన్ని రసాయనాలు, మైనం కలుపుతారు. అవి మెల్లగా పైకి ఊరి, టైరు మీద ఒక పొరలా నిలుస్తాయి. పాత టైరు పక్కగోడ మీద కనిపించే గోధుమరంగు మసక అదే. మురికనుకుని రోజూ రుద్ది కడిగితే టైరు కవచాన్ని మనమే ఒలిచినట్టు. టైరు తిరుగుతూ నలుగుతుంటే ఆ రసాయనాలు పైకి బాగా వస్తాయి. నెలల తరబడి కదలకుండా ఉంటే పక్కగోడ మీద సన్నటి పగుళ్లు, ఎండిన చెరువు గట్టులా. (ఆ రసాయనాల్లో ఒకటైన 6పీపీడీ గాలి తగిలి మారిన రూపం వాగుల్లోకి చేరి కోహో సాల్మన్ చేపలను చంపుతోందని అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర పరిశోధకులు 2020లో బయటపెట్టారు. టైర్ల పరిశ్రమ ఇప్పుడు దానికి బదులు వెతికే పనిలో ఉంది. టైరును కాపాడేది చేపను కాపాడటం లేదు.)

కాబట్టి కారును గవ్వలా దాచకండి. కనీసం రెండు వారాలకోసారి టైర్లు నులివెచ్చబడేంత దూరం తిప్పండి. ఊరెళ్తుంటే కారు మాన్యువల్ ఒప్పుకున్న మేరకు గాలి కొంచెం ఎక్కువ పెట్టండి, లేకుంటే ఒకేచోట బరువు పడి చదును మచ్చ ఏర్పడుతుంది. ఎండ పడకూడదు. నీళ్ల మోటారు పక్కనా వద్దు, మోటార్ల మెరుపుల నుంచి ఓజోన్ పుడుతుంది. జనరేటర్ నూనె కారిన చోట అసలే వద్దు. కార్‌వాష్‌లో నల్లగా నిగనిగలాడించే పెట్రోలియం పాలిష్ కన్నా సబ్బునీళ్లు నయం.

ఇవన్నీ చేసినా టైరుకు వయసుంది. పక్కగోడ మీద 'డాట్' అక్షరాల వెంట ఉండే వరుసలో చివరి నాలుగు అంకెలు చూడండి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2324 అంటే 2024లో 23వ వారం. చాలా కార్ల కంపెనీలు ఆరేళ్లకు మార్చమంటాయి, గాడి ఎంత ఉన్నా సరే. ఆ నాలుగంకెలు పక్కగోడకు ఒకవైపే ఉండొచ్చు. చాలాసార్లు అది లోపలివైపు అవుతుంది.

'ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్' సినిమాల నటుడు పాల్ వాకర్ 2013 నవంబర్ 30న కాలిఫోర్నియాలోని శాంటా క్లారిటాలో కారు ప్రమాదంలో చనిపోయాడు. స్నేహితుడు నడుపుతున్న పోర్షా కరేరా జీటీలో పక్కన కూర్చున్నాడు, నడుపుతున్న ఆ స్నేహితుడూ చనిపోయాడు. ప్రమాదానికి కారణం మితిమీరిన వేగమని దర్యాప్తు తేల్చింది. దాంతోపాటు ఇంకోమాట కూడా చెప్పింది. ఆ కారు టైర్ల వయసు తొమ్మిదేళ్లు, అది కారు పట్టును దెబ్బతీసి ఉంటుందని. కార్లంటే ప్రాణం పెట్టేవాళ్లు, డబ్బుకు లోటు లేనివాళ్లు. అయినా టైర్లు అలాగే ఉండిపోయాయి.

టైరు ఆయుష్షు పెంచడం, అయిపోయిన టైరును ఈడ్చడం ఒకటి కాదు. లారీ టైర్లలా మళ్లీ గాడులు కోయించడం, 'సగం లైఫ్ ఉంది' అని అమ్మే పాత టైర్లు కొనడం, ఒకే యాక్సిల్‌కు రెండు రకాలు వేయడం... ఇవి ఆదా కాదు. నిజంగా ఆదా కావాలంటే కుడిపాదం ఉంది. సిగ్నల్ పడ్డప్పుడల్లా 420 హార్స్‌పవర్‌ను చల్లటి టైర్ల మీద ఒక్కసారిగా గుమ్మరించేవాళ్లకు నేను రాసిందేదీ పనికిరాదు. కొత్త టైర్లయితే మొదటి మూడు నాలుగు వందల కిలోమీటర్లు మరీ నెమ్మది, అచ్చులో అంటిన జిడ్డు పోయేదాకా.

ఆ రోజు షాపులో మావాడు వెనక టైర్లు రెండూ మార్చడానికి ఒప్పుకుని, "ముందువి బాగానే ఉన్నాయిగా అన్నా" అని మేస్త్రీని అడిగాడు. అరుగుదల సమంగానే ఉంది, గాడి 5 మిల్లీమీటర్లు. మేస్త్రీ మళ్లీ లైటు వేసుకుని దూరి, లోపలివైపు పక్కగోడను గుడ్డతో తుడిచి, అంకెలు చదివాడు. 1118. కారుతో పాటు వచ్చిన టైర్లు, ఏడేళ్లు దాటాయి.

బిల్లు నాలుగు టైర్లకు వచ్చింది. టీ డబ్బులు నేనిచ్చాను.